అనుమతి లేకుండా మానిన పుండు

మా ఆసుపత్రిలో పుండు మానడం నేరమేమీ కాదు. ముందస్తు అనుమతి లేకుండా మానడం నేరం. ఈ తేడా తెలియనివాళ్లు ఊళ్లో మా గురించి లేనిపోనివి చెప్పుకుంటున్నారు. ఆ ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా నా చేతుల మీదుగానే నడిచింది కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పడం మర్యాద.

నా పేరు ఉమాపతి. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో, పేరెందుకు లెండి, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఈ ఇరవై రెండేళ్లలో నేను రాసినదాన్ని ఎవరూ మళ్లీ తెరిచి చూడలేదు. అంటే అంత నమ్మకం అన్నమాట.

రెండేళ్ల కిందట మా ఆసుపత్రికి ఒక పరిశోధన మంజూరైంది. దాని పేరు ‘దీర్ఘకాలిక సిరల వ్యాధికి గురైన చర్మమునందు వృద్ధి కారకముల పరిశీలన’. ఆ పేరు రాయడానికి ప్రాజెక్టు గది తలుపు చాల్లేదు. ‘పరిశీలన’ అన్న మాట గోడ మీదకు వెళ్లింది. ఇప్పుడు తలుపు తెరిస్తే పరిశీలన ఒకవైపు, వ్యాధి ఒకవైపు అవుతాయి.

దాని సంగతేమిటో నాకు విడమరిచి చెప్పింది డాక్టర్ నఫీసా. పీజీ చేస్తున్న అమ్మాయి. మా ఆసుపత్రికి కొత్త కాబట్టి, అడిగితే జవాబు చెప్పే అలవాటు ఇంకా పోలేదు.

“కాళ్లలో రక్తం పైకి ఎక్కాలి కదండీ. కిందకి జారిపోకుండా సిరల్లో చిన్న చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. కొందరికి, ముఖ్యంగా రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకి, అవి పాడవుతాయి. రక్తం చీలమండ దగ్గర నిలిచిపోతుంది. అక్కడ చర్మం నల్లబడి, గట్టిపడి, చివరికి పుండు పడుతుంది. ఏళ్ల తరబడి మానదు” అంది.

“పుండు మాన్పే సరుకు ఒంట్లో లేకనా అమ్మా?”

“అదే కదండీ చిత్రం! ఆ సరుకునే వృద్ధి కారకాలంటారు. కొత్త చర్మం పెరగమని చెప్పే పదార్థాలు. ఇలాంటి కాళ్లలో వాటికేం కొదవుండదు. ఒక్కోసారి మామూలు చర్మంలో కంటే ఎక్కువే ఉంటాయి. కానీ రక్తనాళాల చుట్టూనే చిక్కుపడిపోయి పుండు దాకా చేరడం లేదేమోనని కొందరి అనుమానం. అది తేల్చడానికే ఈ ప్రాజెక్టు.”

నాకు చటుక్కున అర్థమైంది. మా స్టోరు గదిలో, ఇలాంటి కాళ్లకు కట్టే ఎలాస్టిక్ కట్లు నలభై పెట్టెలు ఉన్నాయి. వాటి పంపిణీకి ఇంకా ప్రారంభోత్సవం జరగలేదని తాళం తీయలేదు. డ్రెస్సింగ్ గది అక్కడికి పదహారు అడుగులు.

ప్రాజెక్టుకు పెద్ద, ప్రొఫెసర్ వామనమూర్తి గారు. గొప్ప సర్జను. ఆపరేషన్ బల్ల దగ్గర ఏడేసి గంటలు కదలకుండా నిలబడతారని పేరు. మండు వేసవిలో కూడా మోకాళ్ల దాకా మేజోళ్లు వేసుకుంటారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక బూటుతో రెండో చీలమండ రుద్దుకుంటారు. మేధావులకు ఇలాంటి అలవాట్లు ఉంటాయని నేను సరిపెట్టుకున్నాను.

ప్రాజెక్టుకు ఇరవై నలుగురు రోగులు కావాలి. ఒక్కొక్కరి పుండు అంచు నుంచి బియ్యపుగింజంత చర్మం తీసి, యంత్రంలో పెట్టి, కారకాలు ఎన్ని ఉన్నాయో చూస్తారు. ఆ యంత్రం ఇంకా రావాలి. తీసిన చర్మం దాచే ఫ్రీజరు మాత్రం ముందే వచ్చింది. అది తాగేంత కరెంటు మా గోడల్లో లేదు కాబట్టి దాన్ని నా గదిలో పెట్టారు. నా క్యారేజీకి మంచి బల్ల దొరికింది.

యంత్రం ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోపు పుండ్లు ఏమైపోతాయోనని వామనమూర్తి గారికి బెంగ. అందుకని నిబంధనల్లో పదకొండోది స్వయంగా చేర్చారు. ‘నమోదైన పుండు, పరిశీలన ముగియు పర్యంతము, పరిశీలనార్హ స్థితిలో కొనసాగవలెను.’

మూడేళ్ల పరిశీలన అది.

నమోదు నా పని. నేను కుర్చీలో కూర్చుంటే రోగి బల్లకు అవతల ఎదురుగా కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టి చూపిస్తాడు. నేను చూసి రాస్తాను. ట్రాఫిక్ కానిస్టేబులు, చీరల షాపు అమ్మాయి, ఇస్త్రీ బండి ఆవిడ, ఒక డ్రిల్లు మాస్టారు, అందరూ నిలబడి బతికేవాళ్లే. ఏడో నంబరు కోరుకొండ బుల్లబ్బాయి. యాభై రెండేళ్లు. వృత్తి, నాగేశ్వరం గారి టిఫిన్ హోటల్లో అట్ల మాస్టరు.

బుల్లబ్బాయి పెసరట్టు గురించి మా ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే కలెక్టరాఫీసు వాళ్లు కూడా లైను కడతారు. ముప్ఫై ఏళ్లుగా పెనం ముందు నిలబడే ఉన్నాడు.

“ఎంతకాలం నుంచి పుండు?” అన్నాను.

“మూడేళ్లండి. ఆయ్. ముందు దురదండి, తర్వాత నల్లగా అయిపోయిందండి, ఓ రోజు పొయ్యి అంచు గీరుకుందండి. అంతే, ఇంక మానలేదండి.” కాలు చూసుకుంటూ గొంతు తగ్గించాడు. “నీరు కారతందని తినేవోళ్లు చూత్తన్నారండి. మా షావుకారు గారు మంచోరే. కానీ ఆయనకీ యాపారం కదండీ. ‘కాలు నయమైందని ఆసుపత్రి కాగితం తే బుల్లబ్బాయ్, కార్తీకం మొదటి సోమారం దాకా పెనం నీదే. తర్వాత తుని నుంచి ఇంకో మాస్టర్ని తెచ్చుకుంటా’ అన్నారండి. ఆ పెనం తప్ప నాకు ఇంకో పని రాదండి బాబూ.”

“ప్రాజెక్టులో చేరావుగా, ఇక నీకేం భయం” అని ధైర్యం చెప్పి, కాలు చూశాను. నాకు ఎడమవైపు ఉన్న కాలి మీద, లోపలి చీలమండకు పైన, రూపాయి బిళ్లంత పుండు. ‘ఎడమ కాలు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. వేలిముద్ర వద్దన్నాడు. సంతకం పెట్టాడు.

ఇక్కడ సిస్టర్ దీవెనమ్మ గురించి చెప్పాలి. డ్రెస్సింగ్ గదిలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఆమెకు నిబంధనల మీద గౌరవం ఉంది, చదవడం మీదే లేదు. కారే పుండు కంటపడితే ఊరుకోలేదు. స్టోరు తాళం తీయకపోయేసరికి బుల్లబ్బాయి చేత బయట షాపులో కట్టు కొనిపించింది. నాలుగు రోజులకోసారి పుండు కడిగి, కాలివేళ్ల దగ్గర్నుంచి మోకాలి దాకా బిగించి చుట్టేది.

“పని అవగానే పడుకుని కాలు దిండు మీద పెట్టుకో. గుండె కన్నా ఎత్తులో ఉండాలి. మళ్లీ సినిమాలూ షికార్లూ అని తిరిగావంటే ఊరుకోను” అనేది.

“సినిమాకెళ్లి పన్నెండేళ్లయిందండి సిస్టరమ్మా.”

పన్నెండో వారానికి పుండు మానింది. అక్కడ పల్చటి గులాబీరంగు చర్మం వచ్చింది. బుల్లబ్బాయి ఆ కాలు పట్టుకుని వచ్చి నాకు, ఫ్రీజరుకు, గుమ్మంలో ఉన్న వాచ్‌మన్‌కు చూపించాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దసరా వెళ్లి రెండు రోజులైంది. కార్తీకం మొదటి సోమవారానికి ఇరవై రోజులుంది. అన్నీ అమిరాయి అనుకున్నాడు పాపం.

వామనమూర్తి గారు ఆ కాలు చూసి కుర్చీలో కూలబడ్డారు.

“మానిందా?” అన్నారు. “యంత్రం రాకుండానే?”

మర్నాడే దీవెనమ్మకు మెమో. నేనే టైపు చేశాను. ‘నమోదైన ఏడవ నంబరు పుండును, ప్రాజెక్టు అధికారి వారి పూర్వానుమతి లేకుండగా, మీ స్వంత బాధ్యతపై మాన్పియున్నట్లు దృష్టికి వచ్చినది. ఇందుకు గాను మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.’

ఆమె సంజాయిషీ ఒకటిన్నర లైను. ‘అయ్యా, కట్టు కట్టాను, కాలు ఎత్తుగా పెట్టుకోమన్నాను, మానింది. ఇట్లు తమ విధేయురాలు.’

విచారణకు కమిటీ కూర్చుంది. సూపరింటెండెంటు గారు దాన్ని రెండుసార్లు చదివారు.

“ఇందులో పశ్చాత్తాపం ఎక్కడుంది?” అన్నారు.

“పుండంటే ఆమెకి పుండే సార్. పరిశోధనలో అది ఆధార బిందువు. ఆధార బిందువే కదిలిపోతే శాస్త్రం దేని మీద నిలబడుతుంది?” అన్నారు వామనమూర్తి గారు, బూటుతో చీలమండ రుద్దుకుంటూ.

“అసలు మానిందని ధ్రువీకరించింది ఎవరు?” అన్నారు సూపరింటెండెంటు గారు.

“చూస్తే కనిపిస్తోంది సార్” అంది నఫీసా.

“కనిపించడం వేరు, ధ్రువీకరణ వేరు. అమ్మాయికి కొత్త, నేర్చుకుంటుంది.” సూపరింటెండెంటు గారు నావైపు తిరిగారు. “రాసుకోండి. సదరు పుండు మానినట్టు కనబడుచున్నప్పటికీ, పదకొండవ నిబంధన ప్రకారం మానుటకు వీలులేనందున, కొనసాగుచున్నట్టుగానే పరిగణించవలెను.”

రాసుకున్నాను.

మిగతా ఇరవై మూడు పుండ్లను కాపాడే బాధ్యత కూడా ఆ రోజే తీసుకున్నారు. నమోదైన కాళ్లకు కట్టు కట్టరాదు. ఎత్తుగా పెట్టుకోవడానికి వీలిచ్చే బెంచీలు, స్టూళ్లు, దిండ్లు ప్రాజెక్టు గదిలోంచి తీసేయాలి. అవి స్టోరులోకి, కట్ల పెట్టెల మీదకు వెళ్లాయి. రోగులు రోజూ పొద్దున మూడు గంటలు ఆ ఖాళీ గదిలో నిలబడి సంతకం పెట్టి పోవాలి. దాని పేరు ‘ప్రామాణిక నిలుపు’. డ్రిల్లు మాస్టారు పాపం అలవాటు చొప్పున మొదటి రోజు అందరినీ ఎత్తుల ప్రకారం నిలబెట్టాడు. వామనమూర్తి గారు చాలా మెచ్చుకున్నారు.

బుల్లబ్బాయి మాత్రం కాగితం కోసం నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

“నయమైందని రాసివ్వండి బాబూ. ఇంకేం అడగనండి.”

“నయమైంది బుల్లబ్బాయ్. కానీ రాయడానికి లేదు.”

“మానింది కదండీ?”

“మానింది. కానీ కొనసాగుతోంది.”

అతను కిందకు వంగి కాలు చూసుకున్నాడు. తప్పు తన కాలిదేనేమో అన్నట్టు చూశాడు. “ఎప్పటిదాకా కొనసాగుద్దండి?” అన్నాడు.

“ఇంకా రెండున్నరేళ్లు.”

“సోమారం ఇంక ఆరు రోజులుందండి.” అతను తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఆ పూట క్యారేజీ తెరవకుండానే ఇంటికి పట్టుకెళ్లాను.

అతని కోసం నఫీసా పట్టుబట్టింది. కనీసం కమిటీ ఒకసారి కాలు పరీక్షించాలంది. శనివారం పొద్దున్న కమిటీ డ్రెస్సింగ్ గదికి వచ్చింది. దీవెనమ్మ చేతులు కట్టుకుని ఓ మూల నిలబడింది. బుల్లబ్బాయి బల్ల మీద కూర్చున్నాడు.

సూపరింటెండెంటు గారు రిజిస్టరు చూసి, “ఏదీ, ఎడమ కాలు” అన్నారు.

బుల్లబ్బాయి ఎడమ కాలు చాచాడు. దాని మీద మచ్చ కూడా లేదు.

“అద్భుతం! పుండు పడిన గుర్తు కూడా లేకుండా మానింది” అన్నారు వామనమూర్తి గారు.

“పుండు ఇటేపు కాలికండి. కుడికాలికండి” అన్నాడు బుల్లబ్బాయి, రెండోది చాస్తూ.

నమోదు రోజున అతను నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఎదుటివాడి కుడి, నాకు ఎడమవైపు ఉంటుంది. ఆ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ రోజు నేను చూసింది మనిషిని కాదు, నా ముందున్న బల్లను. బల్లకు ఎడమవైపున ఉంది కాబట్టి ఎడమ అని రాశాను. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. ఇరవై నలుగురూ అదే కుర్చీలో కూర్చున్నారు.

నోరు మెదపలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు కదా.

సూపరింటెండెంటు గారు రిజిస్టరులో సంతకాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశారు. పెద్దపదవి ఊరికే రాదు.

“రిజిస్టరు తప్పు అయ్యే ప్రసక్తి లేదు. సంతకాలున్నాయి. కాబట్టి నమోదైంది ఎడమ కాలే. సిస్టర్ మాన్పింది నమోదు కాని కాలు. అది ఆవిడ నిత్య విధుల్లో భాగం. మెమో ఉపసంహరించండి.”

“మరి నా ప్రాజెక్టు?” అన్నారు వామనమూర్తి గారు.

“మీ ఎడమ కాలు మీకు భద్రంగానే ఉంది కదా. దానికి ఎవరూ కట్టు కట్టలేదు, అక్కడ ఏదీ మానలేదు. పదకొండో నిబంధన అక్షరాలా అమలవుతోంది.”

వామనమూర్తి గారి ముఖం విప్పారింది. నఫీసా నోరు తెరిచి మూసుకుంది. నేర్చుకుంటోంది.

అలా బుల్లబ్బాయికి కాగితం వచ్చింది. దాని నకలు నా దగ్గర ఉంది. ‘శ్రీ కోరుకొండ బుల్లబ్బాయి గారి కుడి కాలు పూర్తి ఆరోగ్యముతో ఉండి, నిలబడు పనికి యోగ్యమై యున్నది. ఎడమ కాలు ప్రభుత్వ పరిశీలనలో ఉన్నందున, సదరు కాలిపై ఏ విధమైన పనిభారము మోపరాదని ధ్రువీకరించడమైనది.’

సోమవారం పొద్దున్నే నేను కావాలని ఆ హోటలుకు వెళ్లాను. కార్తీకం కదా, నదీస్నానాలు చేసి వచ్చినవాళ్లతో కిటకిటలాడుతోంది. నాగేశ్వరం గారు కళ్లజోడు పెట్టుకుని కాగితం మూడుసార్లు చదివారు.

“గవర్నమెంటు కాగితం. మనం తేడా చెయ్యకూడదు. రేపు ఎవడన్నా తనిఖీకొచ్చి ఎడమ కాలు నేల మీదుందని రాసుకుపోతే నా లైసెన్సు పోద్ది” అన్నారు. ఖాళీ నూనె డబ్బా ఒకటి తెప్పించి పెనం పక్కన బోర్లించారు. “బుల్లబ్బాయ్, నీ ఎడంకాలు దాని మీద పెట్టు. కుడికాలి మీద నిలబడు.”

“ఆ కాలే కదండీ ఇన్నాళ్లూ...” అన్నాడు బుల్లబ్బాయి.

“అది పూర్తి ఆరోగ్యంతో ఉందని రాశారురా. చదవమంటావా?”

బుల్లబ్బాయి చదవమనలేదు. పెనం దక్కింది, అదే పదివేలు. ఏ దోషమూ లేని ఎడమ కాలిని డబ్బా మీద పెట్టి, పన్నెండు వారాలు కట్టు కట్టించుకుని మొన్న మొన్ననే బాగుపడ్డ కుడికాలి మీద ఒళ్లంతా మోపి, పిండి తిప్పాడు. రోజుకు పదకొండు గంటలు. కార్తీకమంతా.

కార్తీకం వెళ్లిన మర్నాడు, పోలి స్వర్గం నాటికి, ఆ గులాబీరంగు చర్మం పగిలింది.

ఆ వేళ అతను ఆసుపత్రికి వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. కాలు చూపించడానికి స్టూలు లేదు, స్టోరులోకి పోయింది కదా. చేతులతో కాలు ఎత్తి పట్టుకున్నాడు. పాత చోటనే, పాతదాని కంటే పెద్దది. “మళ్లీ రాసుకుంటారేటండీ?” అన్నాడంతే.

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఇన్నేళ్లలో మొదటిసారి కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, అతని పక్కన నిలబడి చూశాను. కుడికాలు. ఎవరికైనా తెలుస్తుంది, కుడికాలు.

రిజిస్టరు మూసేశాను. డ్రెస్సింగ్ గదికి వెళ్లి దీవెనమ్మతో, “సిస్టర్, ఒక సంగతి. ప్రాజెక్టులో ఉన్న ఇరవై నలుగురివీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టి రాశాను” అన్నాను.

ఆమె నావైపు చూసింది. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. “అంటే నమోదైన కాళ్లన్నీ మంచి కాళ్లే?”

“ఒక్కదానికీ పుండు లేదు. నమోదైన కాళ్లకు కట్టు కట్టకూడదు. మిగతా కాళ్ల గురించి ఏ నిబంధనా లేదు.”

“ఇంత మంచి తప్పు చేసి ఇన్నాళ్లూ దాచుకున్నారా ఉమాపతి గారూ!” అంటూనే ఆమె చేతులు కడుక్కోవడానికి లేచింది.

కట్ల సంగతి నేను చూశాను. స్టోరు తాళం ప్రారంభోత్సవం లేకుండా తీయకూడదు. కానీ స్టాకు లెక్కింపునకు తీయొచ్చు. ఆ నెల ప్రతి మంగళవారం స్టాకు లెక్కించాను. లెక్కించిన ప్రతిసారీ కొంత తగ్గింది. స్టూళ్లు, దిండ్లు కూడా తగ్గాయి. అవి ప్రామాణిక నిలుపు గదికి వెనకనున్న వరండాలో తేలాయి. అక్కడ నిలబడాల్సినవాళ్లు సంతకాలు పెట్టి, పడుకుని, కాళ్లు దిండ్ల మీద పెట్టుకుని కబుర్లు చెప్పుకునేవారు.

బుల్లబ్బాయి పెనం దగ్గర మాత్రం దీవెనమ్మ కట్టు ఒక్కటే చాలదు. దానికి నా కలమే కావాలి. నాగేశ్వరం గారికి ఒక లేఖ రాశాను. ‘పై సూచిక ధ్రువపత్రమునకు కొనసాగింపుగా తెలియజేయునది ఏమనగా, ప్రభుత్వ పరిశీలనలో ఉన్న సదరు ఎడమ కాలి భద్రత దృష్ట్యా, సదరు వ్యక్తిని పెనము వద్ద ఎత్తైన స్టూలుపై ఆసీనుని గావించి, రెండు కాళ్లను సమానముగా పీటపై నుంచవలెను. ఉల్లంఘించిన యెడల తగు చర్య తీసుకొనబడును.’ కింద గుండ్రటి స్టాంపు వేశాను. ఏ చర్యో నాకూ తెలియదు. నాగేశ్వరం గారు ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించారు. ఏమాటకామాటే, ఆయన నిజంగానే మంచివారు. కాగితం లేక ఆగారు, అంతే.

యంత్రం ఫాల్గుణంలో వచ్చింది. గోడల్లోకి కరెంటు కూడా వచ్చింది. నా క్యారేజీకి బల్ల పోయింది. ఇరవై నలుగురి కాళ్ల నుంచి బియ్యపుగింజంత చర్మం తీశారు. రిజిస్టరులో ఏ కాలుందో ఆ కాలి నుంచే తీశారు.

“సార్, ఇక్కడ పుండే లేదు” అంది నఫీసా.

“రిజిస్టరులో ఉందమ్మా” అన్నారు వామనమూర్తి గారు.

ఫలితాలు వచ్చాయి. ‘దీర్ఘకాలిక సిరల వ్యాధికి గురైన చర్మమునందు వృద్ధి కారకములు, ఆరోగ్యవంతమైన చర్మముతో అన్ని విధముల సమానముగా ఉన్నవి.’ ఇంతవరకూ ప్రపంచంలో ఎవరూ కనిపెట్టని సంగతి అది. రాజధాని నుంచి అభినందన లేఖ వచ్చింది. వామనమూర్తి గారికి శాలువా కప్పారు. నివేదికలో చివరి పట్టిక నేనే నింపాను. పరిశీలనా కాలంలో మానిన నమోదిత పుండ్లు అన్న గడిలో ‘సున్నా’ అని రాశాను. అది అక్షరాలా నిజం. అప్పటికి ఇరవై నలుగురిలో పంతొమ్మిది మందికి పుండ్లు మానిపోయాయి. బుల్లబ్బాయిది రెండోసారి మానింది.

శాలువా కప్పిన మర్నాడు ఆదివారం. నేను పెసరట్టు తింటున్నాను. బుల్లబ్బాయి ఎత్తు స్టూలు మీద రాజులా కూర్చుని, రెండు కాళ్లూ పీట మీద పెట్టుకుని పిండి తిప్పుతున్నాడు. మోకాలి దాకా శుభ్రంగా కట్టు. మూల బల్ల దగ్గర వామనమూర్తి గారు ఉప్మా పెసరట్టు తెప్పించుకుని తినడం మర్చిపోయి, ఆ కాళ్ల వంకే చూస్తున్నారు. ఇక అయిపోయాననుకున్నాను.

సోమవారం పొద్దున్నే ఆయన నా గదికి వచ్చారు. ఎప్పుడూ రారు. లోపలికి వచ్చి తలుపు వేశారు.

“ఆ అట్ల మాస్టరు కాలికి కట్టింది ఎవరు?”

“సిస్టర్ దీవెనమ్మ గారు సార్” అన్నాను. అబద్ధం రాయడం అలవాటే గానీ చెప్పడం రాలేదు.

ఆయన తిట్టలేదు. రోగులు కూర్చునే కుర్చీలో, నా ఎదురుగా కూర్చున్నారు. ప్యాంటు పైకి లాగి, మేజోడు మెల్లగా కిందకు దించారు. చీలమండ చుట్టూ చర్మం నల్లగా, చెక్కలా ఉంది. దాని మధ్య రూపాయి బిళ్లంత తడి. మేజోడుకు అంటుకుని ఉన్నట్టుంది, తీసేటప్పుడు పెద్దాయన పెదవి కొరుక్కున్నారు.

“నాలుగేళ్లయింది” అన్నారు. ఆ గొంతు అంతకుముందు నేను వినలేదు. “ఏడు గంటలు నిలబడలేకపోతున్నాను ఉమాపతీ. ఎవరికీ చెప్పలేదు.”

అలవాటుకొద్దీ నా చెయ్యి దానంతటదే రిజిస్టరు తెరిచింది, కలం మూత తీసింది.

“ఏ కాలు సార్, ఎడమా, కుడా?”

ఆయన ముందుకు వంగి రిజిస్టరు మీద చెయ్యి పెట్టారు.

“రాయకు నాయనా. ఏ కాలూ రాయకు. ముందు ఆ సిస్టర్ని పిలు” అన్నారు.